రెండూ యాభై

వెనకగదిలో ముప్పై ఎనిమిది ఉన్నాయి.
ముప్పై తొమ్మిదోది మెట్ల మీదే ఆగింది,
దానికింకా లోపలికి అనుమతి రాలేదు.
"మూడు ఎక్కువ" అంటుంది డోరీన్,
ఎప్పుడడిగినా, ఎన్ని ఉన్నా.

టీ కాచే గడియారాలు.
మంచం పక్క బల్ల మీద పట్టేంత వంటిల్లు:
ఒక కెటిల్, ఒక పింగాణీ కూజా,
మధ్యన కొంగ మెడలాంటి గొట్టం,
పొట్టలో గడియారం, నెత్తిన దీపం.
రాత్రి నీళ్లు పోసి, ఆకు వేసి పడుకుంటే
చెప్పిన వేళకి తనే మరుగుతుంది.
ఆవిరి నీళ్లని తోస్తుంది,
నీళ్లు గొట్టం దాటి కూజాలో దూకుతాయి,
బరువు తీరిన కెటిల్ ఒక గింజెత్తు పైకి లేస్తుంది.
ఆ లేవడానికే మీట పడి, దీపం వెలిగి,
తుమ్మెదని రేకుడబ్బాలో మూసినట్టు ఒకటే రొద.
దానికి తెలిసిన విద్య అంతే.

ముప్పై ఏళ్లు బర్న్‌లీ బస్సు డిపోలో వైర్లు కలిపినవాణ్ణి.
ఆదివారం పొద్దున్నే కార్ల డిక్కీలు తెరిచి
పాతసామాను పరిచే సంతకి వెళ్తాను,
తడిగడ్డిలో మోకాళ్లు ఆనించి బేరమాడతాను.
ఇంటికి తెచ్చి, పెచ్చులూడిన తీగ మారుస్తాను,
వెనిగర్ పోసి సున్నం కరిగిస్తాను,
ఎండిపోయిన రబ్బరు చుట్టలు నేనే కోసి తొడుగుతాను.
ఒక్కటి మాత్రం ముట్టుకోను: అలారం ముల్లు.

చివరిసారి ఎవరు ఎక్కడ తిప్పి వదిలారో
అక్కడే ఉండాలది.
ఆరుంబావు, ఆరుంబావు, ఆరున్నర,
ఊరంతా ఒకే బస్సుకి పరిగెత్తినట్టు.
ఒకటి తొమ్మిదీ ముప్పావు,
ఆ మహానుభావుడెవరో, దణ్ణం పెట్టాలి.
ఇంకొకదాని మరకి పళ్లు అరిగిపోయాయి,
ఐదుకీ ఏడుకీ మధ్య రోజూ తిప్పీ తిప్పీ.
ఒక మంచం, రెండు షిఫ్టులు,
పడుకునే ముందు రోజుకొక తగువు.

మెట్ల మీద ఉన్నది రెండూ యాభై.
పాతబడిన పంటి రంగు, అడుగున సూదితో గీసిన పేరు:
ఇ. థ్రెల్‌ఫాల్.
అమ్మిన కుర్రాడికేమీ తెలియదు,
ఎవరిదో ఇల్లు ఖాళీ చేశారట, నాలుగు పౌన్లు.

ఆ వేళకి లేచేదెవరు?
పాలబండివాడా, రొట్టెల భట్టీ మనిషా,
తొలి రైలుకి జెండా ఊపేవాడా?
మూడురోజులు భోజనాల దగ్గర ఇదే గోల నాది.
నాలుగోరోజు గిన్నె తోముతూ,
ఇటు తిరక్కుండానే, డోరీన్ అంది:
"లేచేవాళ్లే అయ్యుండాలా?
మందు వేళేమో. పక్కన ఇంకెవరికో."

నా దగ్గర జవాబు లేకపోయింది.
ఆ రాత్రి తనే నీళ్లు కొలిచి పోసింది,
నా వైపు కాదు, తన వైపు బల్ల మీద పెట్టింది.

తెల్లవారడానికింకా ఒక జాము ఉండగా
మొదట చిన్న గురక, నాదనుకున్నాను.
తర్వాత బుడబుడ, తర్వాత గొట్టంలో ఉరుకు,
తర్వాత దీపం, తుమ్మెద.
ఇద్దరం లేచి కూచున్నాం, చలికి దుప్పటి చెవులదాకా లాక్కుని,
ఎవరో పిలిస్తే పలికినవాళ్లలా.
వీధిలో ఒక్క కిటికీ కూడా వెలగలేదు.
వాన మాత్రం మెలకువగా ఉంది.

ఆమె పోసింది, నేను పాల గ్లాసు వంచాను.
కప్పులో తెల్లటి ముక్కలు తేలాయి.
విరిగిపోయాయి.
పక్కనే రేడియేటర్, ఇంకేం మిగుల్తాయి!

నీళ్లు మరిగించగలదు, పొద్దు చెప్పగలదు,
దీపం కూడా పెట్టగలదు.
పాలకి మాత్రం ఎవరో ఒకరు లేవాలి.

డోరీన్ చెప్పులు వెతుక్కుంది.
నేను వెళ్తానన్నాను, కదల్లేదు.
మెట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి,
ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది,
చాలాసేపటికి మూసుకుంది.
అంతసేపూ థ్రెల్‌ఫాల్ ముల్లునే చూస్తూ కూచున్నాను.

టీలో కాస్త ప్లాస్టిక్ వాసన. తాగేశాం.
"రెండు ఎక్కువ"
అంది, దీపం ఆర్పుతూ.